తొలి తలపును నమ్మవచ్చునా?

"ఆలస్యం అమృతం విషం" అని మన పెద్దలు చెప్పుచుందురు. "నిదానమే ప్రధానము" అనియు నా పెద్దలే చెప్పుచుందురు. మొదటి సామెతను మనసున నుంచుకొనిన బాలుడు పరీక్షలో ప్రశ్నను పూర్తిగా చదువకయే జవాబు వ్రాయును. రెండవ సామెతను నమ్ముకొనినవాడు గంట కొట్టువరకును కలము కదల్పక కూర్చుండును. ఇరువురును నష్టపడుదురు. ఈ రెండు మాటలలో నేది నిజము? మనసున తటాలున తోచినదానిని ఎప్పుడు నమ్మవలెను? ఎప్పుడు నిలిచి విచారింపవలెను? ఈ విషయమున మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కనుగొనిన కొన్ని సంగతులను మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కారణము చెప్పలేకయే యొక సంగతి నిజమని గాని, యొక పని చేయదగినదని గాని మనసునకు చటుక్కున తోచుటను స్ఫురణ మందురు. కారణములను ఒకదాని వెంట నొకటి యెంచి, తూచి, తీర్మానించుటను విచారణ మందురు. స్ఫురణమునకు క్షణము చాలును. అది శ్రమ నెరుగదు. విచారణము మెల్లగా నడచును. అది శ్రమను గోరును.

స్ఫురణమునకు దృష్టాంతములు మన యిండ్లలోనే కలవు. వంట చేయు అవ్వ ఉప్పును తూచి వేయదు. ఒక మెతుకును పట్టి చూచి అన్నము ఉడికినదో లేదో చెప్పును. "నీ కెట్లు తెలిసిన దవ్వా?" యని మనుమరా లడిగినచో, "చూడగనే తెలియదటే!" యనును గాని, కారణము చెప్పలేదు. ఇట్టి జ్ఞానము కొందరికి పుట్టుకతోడనే వచ్చు వరమని లోకులు తలంతురు. అది నిజమా యని పరీక్షించిన వారి కథ మిక్కిలి రమ్యమైనది.

హాలండు దేశీయుడగు ఆద్రియాన్ డి గ్రూట్ అను పండితుడు చదరంగపు టాటగాండ్ర మనోవ్యాపారమును పరిశీలించి, 1946వ సంవత్సరమున నొక గ్రంథమును ప్రకటించెను. గొప్ప ఆటగాడు సామాన్యునికంటె నెన్నియో యెత్తులు ముందుగా నాలోచించుననియే అందరును తలచుచుండిరి. డి గ్రూట్ చూచినది వేరు. ఎత్తుల లెక్కలో గొప్పవానికిని, మధ్యమునికిని పెద్ద తారతమ్యము కానరాలేదు. గొప్పవానికి మంచి యెత్తు మొదటనే తోచుచుండెను. అంతియే కాక, బల్లను కొన్ని క్షణములు మాత్రమే చూపి మూసివేసినను, అతడు పావులన్నిటిని ఇంచుమించుగా నున్నవి యున్నట్లు చెప్పగలిగెను.

అట్లయిన అతని జ్ఞాపకశక్తి అసాధారణమైనదా? అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అను నిరువురు 1973వ సంవత్సరమున దీనిని మరల పరీక్షించిరి. నిజముగా ఆడిన యాటనుండి తీసికొనిన అమరికను 5 సెకండ్లు చూపినప్పుడు, సుమారు 25 పావులలో గొప్ప ఆటగాడు 16 పావులను సరిగా నుంచెను. క్రొత్తవాడు నాలుగింటిని మాత్రమే యుంచెను. పిమ్మట నవే పావులను ఆట నియమము లేక చిందరవందరగా బల్లపై పెట్టి చూపిరి. అప్పుడు ఆ గొప్పవాని యాధిక్య మంతయు మాయమై, అతడును క్రొత్తవానితో సమానుడయ్యెను! అతని జ్ఞాపకశక్తి యందరిదివంటిదే. చిరకాలాభ్యాసముచేత అతనికి చదరంగములో వేలకొలది అమరికలు పరిచితములై యున్నవి. అతడు పావులను ఒక్కొక్కటిగా గాక, గుంపులుగా గుర్తించుచున్నాడు.

ఈ సంగతి మన విద్యార్థులకు సులభముగా బోధపడును. అక్షరాభ్యాసము చేయు శిశువు "బ, డి, బడి" యని కూడబలుకుకొనును. మీరో, "బడి" యను మాటను చూడగనే చదివెదరు. అక్షరములు వేరు వేరుగా మీ కంటికి తోచనే తోచవు. మీకు దివ్యదృష్టి కలిగినదా? లేదు. వేలసార్లు చూచిన మాటను గుర్తుపట్టుచున్నారు, అంతియే. 1978వ సంవత్సరమున అర్థశాస్త్రమునందు నోబెల్ బహుమానమును పొందిన ఆ సైమన్ పండితుడే, స్ఫురణ మనునది గుర్తుపట్టుటకంటె వేరు కాదని నిర్ధారణ చేసెను.

ప్రాణాపాయ సమయములలో గూడ నిట్లే జరుగునా? గారీ క్లైన్ అను అమెరికా మనస్తత్త్వజ్ఞుడు 1980 తరువాతి యేండ్లలో అగ్నిమాపక దళ నాయకులను కలిసికొని, మంటల యెదుట వా రెట్లు నిర్ణయములు చేయుదురో యడిగి తెలిసికొనెను. పెక్కు సమయములలో వారు రెండు మార్గములను సరిపోల్చి చూడనే లేదు. ఎదుటి స్థితిని గుర్తుపట్టగనే చేయవలసిన పని తోచినదని చెప్పిరి. వారిలో నొకని యనుభవమును క్లైన్ 1998లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసియున్నాడు. ఒక యింటి వెనుకభాగమున వంటగది యంటుకొనెను. నాయకుడు తన మనుష్యులతో ముందరి గదిలో నిలిచి మంటపై నీరు చిమ్మించెను. మంట తగ్గలేదు. మరల చిమ్మించెను. అప్పుడును తగ్గలేదు. ఇంతలో నతనికి ఏదియో సరిగా లేదని తోచెను. ఏమో తెలియదు, కాని తోడనే యందరిని బయటికి పొండని యాజ్ఞాపించెను. వారు వెలువడిన వెంటనే, అంతవరకు వారు నిలిచిన నేల కూలిపోయెను! అసలు మంట ఆ గది క్రింది నేలమాళిగలో నుండెను. ఆ యింటికి నేలమాళిగ కలదని యతనికి తెలియనే తెలియదు.

ఏదియో యతీంద్రియ శక్తి తన్ను కాపాడెనని యా నాయకుడు నమ్మెను. క్లైన్ ఓపికతో ప్రశ్నింపగా అసలు కారణములు బయటపడినవి. వంటగది మంట నీటికి తగ్గవలెను, తగ్గలేదు. చిన్న మంటకు గది యంత వేడిగా నుండరాదు, ఉండెను. అంత వేడి గల మంట పెద్దగా చప్పుడు చేయవలెను. చేయలేదు, ఏలయన నేల దానిని కప్పియుండెను. పూర్వము చూచిన యే మంటతోను ఇది సరిపోలకుండుటను అతని మనసు మాట రాకముందే గ్రహించెను. అతనిని, అతని తోడివారిని రక్షించినది ఎన్నో యేండ్ల యనుభవము.

ఇంతవరకు వినినవారు "అట్లయిన తోచినదెల్ల నమ్మవచ్చును" అని యనుకొనవచ్చును. వారొక చిన్న లెక్క చేయుదురు గాక. ఒక పుస్తకమును, ఒక పెన్సిలును కలిసి వెల 110 రూపాయలు. పుస్తకము వెల పెన్సిలు వెలకంటె 100 రూపాయలు ఎక్కువ. పెన్సిలు వెల యెంత? "పది రూపాయలు" అని మీ మనసు చటుక్కున పలికియుండును. అట్లయినచో పుస్తకము 110 రూపాయలు, రెండును కలిసి 120 రూపాయలు కావలెను గదా! సరియైన జవాబు అయిదు రూపాయలు. షేన్ ఫ్రెడరిక్ అను పండితుడు ఇట్టి లెక్కలను 2005లో ప్రకటించెను. పేరుపొందిన విశ్వవిద్యాలయముల విద్యార్థులు సైతము అనేకులు వానిలో తప్పిరి. ఇచట గమనింపదగినది యేమనగా, తప్పు జవాబును ఒప్పు జవాబువలెనే నిస్సంశయముగా తోచును. కావున "నాకు గట్టిగా తోచినది" యనునది సాక్ష్యము కాదు.

మనుష్యులను చూడగనే నిర్ణయించుటలో నీ దోషము మఱియు నపాయకరము. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అను పండితుడు 1920లో, సైన్యాధికారులు తమ క్రింది యోధులకు వేసిన గుణములను పరిశీలించెను. దేహసౌష్ఠవము, బుద్ధి, నాయకత్వము, శీలము అనునవి వేరు వేరు గుణములైనను, ఒకదానిలో మెచ్చబడినవాడు ఉండదగినదానికంటె మిక్కుటముగా తక్కినవానిలోను మెచ్చబడెను. ఒక్క మంచి లక్షణపు వెలుగులో తక్కినవన్నియు మంచివిగానే వారికి కనబడెను.

ఈ తప్పును మేమును చేసియున్నాము, ఒప్పుకొనుటకు సిగ్గుపడము. ఒక సంవత్సరము మా తరగతిలో నొక బాలుడు ఏ ప్రశ్న యడిగినను వెంటనే పలుకకుండెను. తలవంచుకొని నిలుచుండెడివాడు. మేము రెండు క్షణములు చూచి, ప్రక్కవానిని అడుగుచుంటిమి. వాడు మందబుద్ధి యని మొదటి వారములోనే మా మనసు తీర్పు చెప్పెను. అర్ధసంవత్సర పరీక్ష కాగితములను దిద్దునప్పుడు వాని జవాబులను చదివి మేము నిశ్చేష్టులమైతిమి. ప్రతి జవాబును తూచి వ్రాసినట్లుండెను. వాడు తలవంచుకొనినది తెలియక కాదు, ఆలోచించుటకు. ఆ యాలోచనకు వలసిన సమయమును మేమే వాని కీయలేదు. ఆ యయిదు మాసములను వానికి మరల నీయలేము గదా!

మరి యెప్పుడు నమ్మవలెను? స్ఫురణమును మెచ్చుకొనిన క్లైన్ పండితుడును, దాని లోపములను చాటి 2002లో నోబెల్ బహుమానమును పొందిన డేనియల్ కానెమన్ పండితుడును దీనిపై చిరకాలము చర్చించి, 2009వ సంవత్సరమున నుమ్మడిగా నొక వ్యాసమును వ్రాసిరి. వారు రెండు నియమములను చెప్పిరి. మొదటిది, ఆ పనిలో నొక క్రమ ముండవలెను. రెండవది, దానిని చాలకాలము చేసి, తప్పొప్పులను ఎప్పటికప్పుడు తెలిసికొనుచుండవలెను. అవ్వ వంటలో నీ రెండును కలవు. ఉప్పెక్కువైనచో నాటి భోజనముననే తెలియును. లాటరీ చీటి కొనువానికి ఎంత యనుభవ మున్నను లాభము లేదు. అచట నేర్వదగిన క్రమమే లేదు. మందబుద్ధి యని తీర్పు చెప్పి, ఆ బాలుని మరల ప్రశ్నింపని యుపాధ్యాయునికి తన తప్పు తెలియు మార్గమే లేదు. అట్టివాని యనుభవము పెరిగినకొలది ధైర్యము పెరుగును గాని, జ్ఞానము పెరుగదు.

స్ఫురణమును క్రమపరచు నుపాయ మొకటి కలదు. కానెమన్ 21 యేండ్ల ప్రాయమున, 1955లో, ఇశ్రాయేలు సైన్యములో నుండగా, క్రొత్తగా చేరువారిని ప్రశ్నించి యోగ్యత నిర్ణయించు పద్ధతిని సవరించు పని అతనికి అప్పగింపబడెను. అంతకుముందు అధికారులు కొంతసేపు మాటలాడి, తమకు తోచిన యభిప్రాయమును వ్రాయుచుండిరి. దానివలన ప్రయోజన మేమియు కలుగకుండెను. అతడు ఆరు గుణములను ఏర్పరచి, ఒక్కొక్కదానిని గూర్చి జరిగిన సంగతులనే యడిగి, దానికి గుణము వేసిన తరువాతనే మరియొకదానికి పోవలెనని విధించెను. "మమ్ము యంత్రములను జేయుచున్నా" వని యధికారులు మొరపెట్టిరి. అందుకతడు, "అన్నియు ముగిసిన పిమ్మట కన్నులు మూసికొని, మీకు తోచినదానిని కూడ వ్రాయుడు" అని యొప్పుకొనెను. ఆరు గుణముల మొత్తము పూర్వపు పద్ధతికంటె మేలైనదయ్యెను. ఆశ్చర్య మేమనగా, కన్నులు మూసికొని వ్రాసినదియు దానితో సమానముగా ఫలించెను! సంగతులను ముందు చక్కగా చూచిన కన్నులకు పిమ్మట కలిగిన స్ఫురణము విలువ గలదయ్యెను.

ఇక పరీక్షలను గూర్చి యొక మాట. "మొదట తోచిన జవాబే సరియైనది, దిద్దవద్ద" ని విద్యార్థులు ఒకరి కొకరు చెప్పుకొనుట మేము వినుచునే యున్నాము. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 1,500 మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రములలోని చెరిపివేతలను లెక్కించి, 2005లో ఫలితమును ప్రకటించిరి. దిద్దిన జవాబులలో నూటికి 51 తప్పునుండి ఒప్పునకు మారినవి. 25 మాత్రమే ఒప్పునుండి తప్పునకు మారినవి. తక్కినవి తప్పునుండి మరియొక తప్పునకు మారినవి. అట్లయిన ఆ నమ్మిక యేల కలిగెను? ఒప్పును చెరిపి తప్పు వ్రాసిన దుఃఖము మనసులో ముల్లువలె నిలుచును. తప్పును దిద్దుకొనిన లాభమును మరునాడే మరచిపోవుదుము. కావున కారణము కనబడినప్పుడు దిద్దుటకు జంకవలదు. కేవలము భయముచేత మాత్రము దిద్దవలదు.

ప్రియ విద్యార్థులారా! లెక్కలను నిత్యము చేయుడు, చేసినదానిని సరిచూచుకొనుడు, తప్పు వచ్చినచో దాచకుడు. తప్పును దాచుకొనినవానికి మంచి స్ఫురణము ఎన్నటికిని కలుగదు. మీ రెరిగిన పనిలో తొలి తలపును ఆదరింపుడు. ఎరుగని పనిలో దానిని నిలిపి ప్రశ్నింపుడు. సాటివారిని గూర్చిన తొలి తలపును మరల మరల ప్రశ్నింపుడు.

తలిదండ్రులకు మా విన్నప మొకటే. వెంటనే పలుకు బిడ్డ తెలివిగలదనియు, ఆలసించు బిడ్డ తెలివిలేనిదనియు తొందరపడి నిశ్చయింపకుడు. ప్రశ్న యడిగిన పిమ్మట కొంచెము వేచియుండుడు. మేమును మా తరగతులలో నట్లే చేయుటకు ప్రయత్నించుచున్నాము.