అఖాతపు పటములో ప్రజల మాట

కాకినాడ అఖాతమునకు పడమట పట్టణము, రేవు ఉన్నవి. దక్షిణమున కోరంగి మడ అడవులు. తూర్పున హోప్ దీవి. గోదావరి తెచ్చిన ఇసుకతో దాదాపు రెండు వందల ఏండ్లలో ఏర్పడిన ఈ దీవి సుమారు 16 కిలోమీటర్లు సాగి, అలల ధాటిని అడ్డుచున్నది. అందుచే లోపలి నీరు నెమ్మదిగా నుండును. అఖాతము ఉత్తరమున సముద్రములోనికి తెరచుకొన్నది. ఆ వైపుననే ఉన్న ఉప్పాడ తీరమును కెరటములు ఏండ్ల తరబడి కోసివేయుచున్నవి.

ఇదంతయు ఉపగ్రహ చిత్రములో కనబడును. కాని ఈ నీటిపై బ్రతుకువారు దేనికి భయపడుచున్నారో, రేపు ఏమి కోరుచున్నారో అందులో కనబడదు. దానినికూడ పటముపై గుర్తించు పద్ధతి కలదు. దీనిని ప్రజాభాగస్వామ్య పటరచన అందురు. మన దేశమున 1990 ప్రాంతమునుండి పల్లెప్రజలు ముగ్గుపిండి, రాళ్లు, గింజలతో నేలపైననే ఊరి పటములు గీయుచు దీనిని వాడుకలోనికి తెచ్చిరి.

ఇందు మొదట చూడవలసినది ప్రమాణము. 1:25,000 పటముపై ఒక సెంటీమీటరు 250 మీటర్లకు సమానము. 25 మీటర్ల వెడల్పున చేపలు ఎండబెట్టు ఇసుక మెరక దానిపై ఒక మిల్లీమీటరు మాత్రమే, కంటికి ఆనదు. మైలుకు 16 అంగుళాల గ్రామపటముపై అదే మెరక 6 మిల్లీమీటర్లకు పైగా ఉండును. చిన్న పటములో ఖాళీగా కనబడు చోటు ఒకరి జీవనాధారము కావచ్చును. అందుచేతనే తీరప్రాంత క్రమబద్ధీకరణపై వచ్చిన 2011 నాటి కేంద్ర ప్రకటన మత్స్యకారుల ఊళ్లను, చేపలు ఎండబెట్టు తావులను గ్రామపటములపై చూపవలెనని చెప్పినది.

తరువాత గుర్తులు. భయమునకు ఎరుపు, ఆశకు ఆకుపచ్చ. ఒక తావైనచో చుక్క, పడవదారియైనచో గీత, వల వేయు నీరైనచో గడి. ప్రతి గుర్తు ప్రక్కన కారణము, ఋతువు వ్రాయవలెను. వేటకు పోవువారు, చేపలమ్ము స్త్రీలు, గుల్లలు ఏరువారు, విద్యార్థులు వేర్వేరుగా కూర్చుండి గీయవలెను. అందరు ఒకచోట చేరినచో గట్టిగా మాట్లాడువారి పటమే మిగులును.

ఈ పటములను పలుచని కాగితములపై గీసి ఒకదానిపై నొకటి పేర్చినచో అసలు విషయము బయటపడును. ఉదాహరణకు, ముఖద్వారమున పూడిక తీయించుట పడవవారికి ఆశ, గుల్లలు ఏరువారికి భయము అనుకొందము. ఒకే చోట రెండు రంగులు పడును. అది పటమునకు దోషము కాదు. చర్చ మొదలు కావలసిన స్థలము అదియే. చుక్కల సంఖ్య ఓట్ల లెక్కయును కాదు. ఒక్క చుక్క వెనుక పది కుటుంబముల కూడు ఉండవచ్చును.

ప్రజలు చెప్పినదానిని కొలతతో సరిచూడవచ్చును. తీరము కోసుకొనిపోవుచున్నదను మాటను పాత సర్వే పటములతోను, 1972 నుండి లభించు లాండ్‌శాట్ చిత్రములతోను పోల్చవలెను. మడ మొక్కలు నాటవలెనను కోరికను, పోటునీరు అక్కడికి తగినట్లు వచ్చిపోవునా అని పరీక్షింపవలెను. కొన్ని కొలతకు అందవు. ఇల్లు విడువవలసి వచ్చునను దిగులు అట్టిది. వానినికూడ తుడిచివేయరాదు. చేపలు గ్రుడ్లు పెట్టు తావులవంటి రహస్యములను మాత్రము చెప్పినవారి అనుమతి లేక ప్రకటింపరాదు.

ఉపాధ్యాయులు ఈ పనిని తమ ఊరి చెరువుతోనే ప్రారంభింపవచ్చును. రేపు అఖాతమునకు ఒక కొత్త కట్టడము తలపెట్టినప్పుడు, అధికారుల బల్లపై నుండునది పటమే. అందులో లేని భయము, లేని ఆశ లెక్కకు రావు.