మంచుకు ముందే సరిహద్దు

మెక్సికో సరిహద్దులోని క్యాంపో అనే చిన్న ఊరి దగ్గర మొదలై, కాలిఫోర్నియా, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల కొండల వెంబడి సాగి, కెనడా సరిహద్దులో ముగిసే కాలిబాట పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్. పొడవు సుమారు 4,265 కిలోమీటర్లు. అమెరికా 1968లో దీన్ని జాతీయ కాలిబాటగా గుర్తించింది. దీన్ని ఒకే ఏడాదిలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచేవాళ్ళను త్రూ-హైకర్లు అంటారు. వీళ్ళను రెండు చలికాలాలు ఇబ్బంది పెడతాయి. ఒకటి వెళ్ళిపోకుండా మిగిలినది, రెండోది రాబోయేది.

మిగిలిన చలికాలం సియెర్రా నెవాడా పర్వతాల్లో కాచుకుని ఉంటుంది. బాట మొత్తంలో ఎత్తయిన ఫారెస్టర్ కనుమ అక్కడిదే, 4,009 మీటర్లు. ఆ కొండల మీద మంచు సాధారణంగా ఏప్రిల్ మొదట్లో అత్యధికంగా ఉంటుంది. తర్వాత కరగడం మొదలైనా, ఎత్తయిన కనుమల్లో జూన్ దాకా, కొన్నేళ్ళు జూలై దాకా నిలుస్తుంది. రాత్రి చలికి పైపొర గట్టిపడుతుంది కాబట్టి తెల్లవారకముందే బయల్దేరితే దాని మీద నడిచిపోవచ్చు. మధ్యాహ్నానికి ఆ పొర మెత్తబడి, అడుగు వేస్తే తొడ దాకా దిగబడుతుంది. గంటకు కిలోమీటరు సాగడం కూడా కష్టమే. మంచు కరిగిన నీళ్ళతో వాగులు సాయంత్రానికి పొంగుతాయి. అందుకే పెద్ద వాగు ఎదురైతే ఒడ్డున పడుకుని పొద్దున్నే దాటడం మంచిది. 2023 వసంతంలో సియెర్రాలో మంచు మామూలుకు రెట్టింపును మించింది. 'వైల్డ్' సినిమా చూసినవాళ్ళకు షెరిల్ స్ట్రెయిడ్ గుర్తుండే ఉంటుంది. 1995లో ఈ బాట నడిచిన ఆమె భారీ మంచు వల్ల సియెర్రాలో పెద్ద భాగాన్ని వదిలేసి ముందుకు వెళ్ళింది.

అంటే తొందరపడి మార్చిలో బయల్దేరినా లాభం లేదు, సియెర్రా దారివ్వదు. ఆలస్యంగా మే చివర బయల్దేరితే దక్షిణ కాలిఫోర్నియా ఎడారి మాడ్చేస్తుంది, ఉత్తరాన రెండో చలికాలం ముంచుకొస్తుంది. పైగా తేదీ పూర్తిగా మన చేతిలో ఉండదు. మార్చి 1 నుంచి మే 31 వరకు మెక్సికో సరిహద్దు నుంచి దూరయాత్రకు రోజుకు 50 మందికే అనుమతి ఇస్తారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఏప్రిల్ 20న బయల్దేరి సెప్టెంబర్ 25కు సరిహద్దు చేరాలనుకుందాం. చేతిలో ఉన్నవి 158 రోజులు. భాగిస్తే రోజుకు 27 కిలోమీటర్లు. వినడానికి తేలిగ్గానే ఉంది. చాలామంది ప్రణాళిక ఇక్కడితో ఆగిపోతుంది, చిక్కంతా అక్కడే వస్తుంది.

నడక ఒకే తీరున సాగదు. మొదటి 1,130 కిలోమీటర్లు ఎడారి. అక్కడ విశ్రాంతితో కలిపి 50 రోజులు పడుతుందనుకుంటే జూన్ 9కి సియెర్రా మొదలు చేరతాం. తర్వాత 507 కిలోమీటర్ల ఎత్తయిన కొండలు. మంచులో రోజుకు 22 కిలోమీటర్ల చొప్పున 23 రోజులు, విశ్రాంతికి నాలుగు రోజులు. జూలై 6 వచ్చేసింది. ఇంకా 2,628 కిలోమీటర్లు మిగిలాయి, రోజులు 81. వారానికి ఒక్క రోజు చొప్పున 11 రోజులు విశ్రాంతికి తీసేస్తే నడక రోజులు 70. అప్పుడు రోజుకు 37.5 కిలోమీటర్లు నడవాలి. సగటు చెప్పిన 27 ఎక్కడ, ఈ 37.5 ఎక్కడ? అదే రెండు వారాలు ఆలస్యంగా సియెర్రా దాటితే 67 రోజులే ఉంటాయి. అందులో తొమ్మిది విశ్రాంతికి పోతే రోజుకు 45 కిలోమీటర్లు దాటుతుంది.

మొదట్లోనే గట్టిగా నడిచి దూరం మిగుల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. శరీరం ఒప్పుకోదు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లోనే నడకకు అలవాటు పడతాయి. ఎముకలకూ, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయుబంధాలకూ అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. కొత్త బరువు మీద పడినప్పుడు ఎముక తనను తాను తిరిగి కట్టుకుంటుంది. ముందు పాత ఎముకను కణాలు తొలిచేస్తాయి, తర్వాతే కొత్తది చేరుతుంది. ఈ చక్రం పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక కాస్త బలహీనంగానే ఉంటుంది. కొత్తగా సైన్యంలో చేరినవాళ్ళకు శిక్షణ మొదటి వారాల్లో కాలి ఎముకల్లో సన్నటి పగుళ్ళు రావడానికి ఇదొక కారణం. మూడో వారంలో కాళ్ళు తేలికపడ్డాయని రోజుకు 40 కిలోమీటర్లు నడిస్తే, ఆ బలం కండరానిదే తప్ప ఎముకది కాదు. పాదంలో ఎముక పగిలితే ఆ ఏడాది నడక అయిపోయినట్లే.

కొండ నడకకు పట్టే సమయాన్ని అంచనా వేయడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నాయ్‌స్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో సుమారుగా అయిదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఈ బాటలో ఎక్కాల్సిన ఎత్తు మొత్తం సుమారు 1,49,000 మీటర్లు. సూత్రం ప్రకారం దూరానికి 853 గంటలు, ఎక్కడానికి దాదాపు 250 గంటలు, వెరసి 1,100. ఇది బలంగా ఉన్నవాడు, మంచి బాట మీద, ఆగకుండా నడిస్తే పట్టే సమయం. వీపు మీద మూట, మంచు, వాగులు, మధ్యలో భోజనం ఈ లెక్కలో లేవు.

అయితే వేగం పెంచాలా? నా మటుకు ఆగడం తగ్గించుకోవడమే తేలిక. అసలు నడవని రోజును హైకర్లు జీరో అంటారు. వారంపాటు గుడారంలో పడుకుని, ఎండు తిండి తిన్నవాడికి ఊళ్ళో మంచం, వేడి నీళ్ళు, పిజ్జా దొరికితే ఒక జీరో రెండవుతుంది, స్నేహితులు కూడితే మూడవుతుంది. పై లెక్కలో చివరి భాగంలోని 11 జీరోలను అయిదుకు తగ్గిస్తే రోజుకు నడవాల్సింది 34.6 కిలోమీటర్లకు దిగుతుంది. ఉదయం ఊళ్ళోకి వచ్చి, సరుకులు కొనుక్కుని, మధ్యాహ్నం మళ్ళీ బాట ఎక్కితే ఎముక విరగదు, రోజు కూడా పోదు.

ఇక రాబోయే చలికాలం. పసిఫిక్ సముద్రం మీది తడి గాలి ఉత్తరాన ఉన్న క్యాస్కేడ్స్ కొండలను ఎక్కేకొద్దీ చల్లబడుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు పడిపోతుంది. సముద్రమట్టంలో 12 డిగ్రీల దగ్గర కురిసే వాన 2,170 మీటర్ల ఎత్తులో సున్నాకు రెండు డిగ్రీల కింద మంచవుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ బాట చేరే అత్యధిక ఎత్తు సరిగ్గా అంతే. అదీ కెనడా సరిహద్దుకు కొద్ది దూరంలోనే ఉంది. ఈ బాటకు పడమట ఉన్న మౌంట్ బేకర్ స్కీ కేంద్రంలో 1998-99లో దాదాపు 29 మీటర్ల మంచు పడి ప్రపంచ రికార్డయింది. పగలు కూడా కుంచించుకుపోతుంది. జూన్‌లో 16 గంటలున్న వెలుతురు సెప్టెంబర్ చివరికి 12 గంటల లోపుకు దిగుతుంది. మన యాత్రికులకు కేదార్‌నాథ్ గుడి ఏ రోజు మూస్తారో ముందే తెలుస్తుంది. క్యాస్కేడ్స్ ఏ తేదీనీ ప్రకటించవు. 2013లో సెప్టెంబర్ ముగియకముందే వచ్చిన తుఫాను కొందరు హైకర్లను మంచులో ఇరికించింది.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ సెప్టెంబర్ 25 ఒక్కటే కాదు, ఆగస్టు 31 కూడా. ఆ రోజుకు ఒరెగాన్ దాటి కొలంబియా నది మీది 'బ్రిడ్జ్ ఆఫ్ ద గాడ్స్' వంతెన ఎక్కి ఉండాలి. అక్కడి నుంచి సరిహద్దుకు ఇంకా 813 కిలోమీటర్లు. సెప్టెంబర్ 10న అక్కడ ఉంటే మిగిలిన పదిహేను రోజుల్లో రోజుకు 54 కిలోమీటర్లు కావాలి. అది చాలామందికి అసాధ్యం. అప్పుడు వాహనంలో ఉత్తరాన హార్ట్స్ పాస్ అనే కనుమకు చేరి, ముందు సరిహద్దు దాకా వెళ్ళొచ్చి, మిగతాది దక్షిణానికి నడుచుకుంటూ రావడం ఉత్తమం. దక్షిణపు ముక్కల్లో స్టీవెన్స్ పాస్, స్నోక్వాల్మీ పాస్ దగ్గర పెద్ద రోడ్లున్నాయి, మంచు పడితే తప్పుకోవచ్చు. హార్ట్స్ పాస్ తర్వాత రోడ్డు లేదు. 2025 నుంచి ఈ బాట మీదుగా కెనడాలోకి అనుమతి కూడా ఇవ్వడం లేదు. సరిహద్దు స్తంభాన్ని ముట్టుకుని దాదాపు 50 కిలోమీటర్లు వెనక్కి నడవాల్సిందే.

సియాటిల్ పక్కన రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో ఉండే తెలుగువాళ్ళకు స్నోక్వాల్మీ పాస్ గంట దూరం. అక్కడ ఒక పగటి నడక చేయాలంటే అక్టోబర్ మొదటి వారమైనా, వాతావరణం చూసుకుని వెళ్ళవచ్చు. హార్ట్స్ పాస్ నుంచి సరిహద్దుకు వెళ్ళిరావాలనుకుంటే మాత్రం సెప్టెంబర్ మొదటి పక్షం దాటనివ్వకండి. రానుపోను వంద కిలోమీటర్లకు అయిదు రోజులు ఉంచుకుని, ఆరో రోజుకు తిండి అదనంగా పట్టుకెళ్ళండి.