గోడ మీది బొమ్మ ఎందుకు ఊడుతుంది?

అన్నలూ తమ్ముళ్లూ, ఎపిసోడ్‌లో చెప్పిన సత్వా బొమ్మల సంగతి ఇది. దుబాయ్‌లో సెకండ్ డిసెంబర్ స్ట్రీట్ గోడల మీద 2016లో వీటిని వేయించారు. ఈ దేశపు పాత జీవితమే వాటికి ఆధారం. ఒక గోడ మీద పెద్ద డేగను వేశారు.

వీధి బొమ్మల్లో రకాలున్నాయి. కొందరు స్ప్రే డబ్బాతో నేరుగా వేస్తారు. కొందరు అట్టను బొమ్మలాగా కత్తిరించి, గోడకు ఆనించి రంగు కొడతారు. అది స్టెన్సిల్. ఇంకొందరు కాగితం మీద గీసి అతికిస్తారు, మన ఊళ్లో మైదా జిగురుతో సినిమా పోస్టర్ అంటించినట్టే. పెద్ద గోడైతే ముందు గళ్లు కొట్టుకుని, చిన్న బొమ్మను గడి గడికీ పెంచుకుంటూ పోతారు.

ఏ రకమైనా నిలబెట్టేది గోడే. కొత్త సిమెంట్ ప్లాస్టర్‌లో తడి, క్షారం ఉంటాయి. అవి తగ్గకముందే రంగేస్తే పొక్కులొస్తాయి, ఉప్పు తేలి పెచ్చులూడతాయి. అందుకే నాలుగు వారాలు ఆగి, దుమ్ము దులిపి, ప్రైమర్ కొట్టాలి. ఒకసారి మా సైట్‌లో అన్ని రోజులు ఆగనివ్వలేదు. రంగు లేచింది. మాట పడ్డది మాత్రం మా ప్లాస్టర్ మేస్త్రి.

సెలవు రోజు సత్వా పోతే బొమ్మతో ఫొటో దిగండి, గోడను కూడా దగ్గరికెళ్లి చూడండి. మనలాంటోళ్ల చేతి పని కనబడతది. మీకూ గీయాలనిపిస్తే మాత్రం అనుమతి లేకుండా వద్దు, ఇక్కడ జరిమానా పడతది.