జీవుల చిరునామాలు

ఒక మొక్కను చూసి ఆనందించడం వేరు. అది ఫలానా చోట, ఫలానా నాడు కనిపించిందని లిఖితపూర్వకంగా నిలిపి ఉంచడం వేరు. ఈ రెండవ పనిని తరతరాలుగా ఒక సంప్రదాయంగా సాగిస్తున్నవారు బ్రిటన్ దేశపు స్వచ్ఛంద పరిశీలకులు. వీరికి వేతనం లేదు. ఉన్నదల్లా తమ ప్రాంతంపై మమకారం, ఏళ్లతరబడి నడచి సంపాదించిన పరిచయం.

ఈ సంప్రదాయానికి పునాది వేసినవాడు హ్యూయెట్ వాట్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. అక్కడి కౌంటీలు మన జిల్లాల వంటివి. 1852లో వాట్సన్ పెద్ద కౌంటీలను విభజించి, బ్రిటన్‌ను 112 భాగాలుగా ఏర్పరచాడు. వీటికి వైస్ కౌంటీలని పేరు. 1974లో ప్రభుత్వం ఇంగ్లండు, వేల్సులలో కౌంటీల హద్దులను మార్చినప్పటికీ పరిశీలకులు వాట్సన్ గీసిన గీతలను చెరపలేదు. ఇది ఛాందసం కాదు. హద్దు మారితే, మొక్క అంతరించిందో, కేవలం వేరొక పద్దులో చేరిందో తెలియకుండా పోతుంది. 2016లో తెలంగాణలోని పది జిల్లాలు ముప్పైయొకటి కావడం ఎరిగిన మనకు ఈ చిక్కు సులభంగానే బోధపడుతుంది. పాత గ్రంథంలో కరీంనగర్ జిల్లాలో కలదని వ్రాసిన మొక్కను నేడు ఏ జిల్లాలో వెదకాలి?

నమోదుకు నాలుగు వివరాలు అవసరం: ఏ జీవి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. వీటిలో ఏది లోపించినా ఆ నమోదు విలువ తగ్గిపోతుంది. పంపిన వివరాన్ని ఆ ప్రాంతపు రికార్డర్ పరీక్షిస్తాడు. ఈయన కూడా స్వచ్ఛంద సేవకుడే. అరుదైన మొక్క అయితే నమూనానో, ఛాయాచిత్రాన్నో కోరుతాడు. ఆ మొక్క ఆ నేలలో, ఆ ఋతువులో పెరిగే అవకాశం ఉందా అని విచారిస్తాడు. సందేహం తీరనిదే అంగీకరించడు. కొత్త పరిశీలకునికి ఇది మనస్తాపం కలిగించవచ్చు. కాని తప్పు నమోదు కంటె నమోదు లేకపోవడమే మేలు.

ఇట్టి కృషి ఫలితంగా 1962లో బ్రిటిష్ వృక్షజాతుల పటాల గ్రంథం వెలువడింది. దేశాన్ని పది కిలోమీటర్ల చదరాలుగా విభజించి, మొక్క కనిపించిన ప్రతి చదరంలో చుక్క పెట్టారు. 1930కి పూర్వమే చూసి, ఆ పిమ్మట చూడని చోట బోలు వృత్తం గీశారు. ఆ బోలు వృత్తాలే ఒక జాతి క్షీణతను కంటికి చూపాయి. ధాన్యపు చేలలో కలుపుగా విరివిగా పెరిగిన కార్న్‌కాకిల్ అనే ఊదారంగు పూల మొక్క, విత్తన శుద్ధి మెరుగుపడడంతో ఇరవయ్యవ శతాబ్దంలో దాదాపు కనుమరుగైంది. పూర్వపు నమోదులే లేకుంటే ఆ లోటును లోటుగా గుర్తించేవారెవరు?

స్థానిక జ్ఞానం విలువకు మన కడప జిల్లాయే మరొక సాక్ష్యం. 1900 తరువాత ఎవరి నమోదులోనూ కనిపించని కలివికోడి అంతరించిపోయిందనే పలువురు భావించారు. అది రాత్రివేళ సంచరించే పక్షి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకులకు అది తిరిగి లభించింది. చీకటిలో దీపపు వెలుగున దానిని పట్టి తెచ్చినవాడు రెడ్డిపల్లె ప్రాంతపు పక్షుల వేటగాడు.