కోటకు కావలి, కంప్యూటరుకు కావలి

గండికోటను జూచిన విద్యార్థులకు దాని యమరిక తెలియును. ఒకవైపు పెన్నానది కోసిన లోతైన గండి. తక్కిన వైపుల నెత్తైన ప్రాకారము. గండివైపు ప్రకృతియే కాపు గనుక, కావలి ముఖ్యముగా ద్వారముకడ నుండవలెను. అట్లుగాక వీధివీధికి పదుగురు భటులు నిలిచి వచ్చుపోవువారి నెల్ల సోదాచేసినచో, ఊరివారి పనులు సాగునా? మన కంప్యూటర్లకు యాంటీవైరసు నేర్పరచుటయందును ఇదియే న్యాయము.

కావలి యేల యని కొంద రడుగుదురు. 2017వ సంవత్సరము మే నెలలో ‘వానాక్రై’ యను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, దస్త్రములకు తాళము వైచి ధనము నడిగెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్నియు దానివాత బడెను. ఆ లోపమును సవరించు అప్‌డేటును మైక్రోసాఫ్టువారు అంతకు రెండు నెలలకు ముందే యిచ్చియుండిరి. కావున విండోసును ఎప్పటికప్పుడు అప్‌డేటు చేయుట మొదటి రక్షణము. విండోసు 10కి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినదని గుర్తుంచుకొనవలెను.

యాంటీవైరసు రెండు పనులు చేయును. దస్త్రమును తెరచినప్పుడెల్ల, తెలిసిన వైరసుల గుర్తులతో దానిని పోల్చిచూచును, ఇది నిత్యకావలి. డిస్కునంతయు వెదకుట రెండవది. ఇది పూర్తి స్కాను. మందగమనమునకు తరచుగా రెండవదియే కారణము. తిరుగుడు డిస్కు గల పాత యంత్రములయం దిది మరింత కానవచ్చును.

ఇక ఎంపిక. విండోసు 10, 11లతో డిఫెండరు వెంటనే వచ్చును. ఇంటిపనులకు సామాన్యముగా అది చాలును. వేరొకటి కోరువారు జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ సంస్థల పరీక్షాఫలితములను జూడవలెను. వారు రక్షణమునే గాక, యంత్రముపై బడు భారమునుగూడ కొలుతురు. అయితే ఒకేసారి రెండింటిని నిత్యకావలికి నిలుపరాదు. ఒకే దస్త్రమును రెండును సోదాచేయుటచే యంత్రము కుంటుపడును.

అమరికలో నీ క్రింది నియమములు పాటింపుడు:

1. నిత్యకావలిని ఎన్నడును ఆపకుడు.

2. పూర్తి స్కానును వారమున కొకమారు, యంత్రముతో పనిలేని వేళకు నిర్ణయింపుడు. నిర్ణీతకాలపు స్కానునకు డిఫెండరు ప్రాసెసరులో సుమారు 50 శాతమును పరిమితిగా నుంచుకొనును; తెలిసినవారిచే దానిని తగ్గింపవచ్చును.

3. పరుల పెన్‌డ్రైవును తెరచుటకు ముందే స్కాను చేయుడు.

4. సోదా మినహాయింపులు మిక్కిలి కొలదిగా నుండనిండు. డౌన్‌లోడుల ఫోల్డరును మాత్రము మినహాయింపకుడు.

5. గడువు తీరిన పాత యాంటీవైరసును పూర్తిగా తొలగింపుడు.

ఇన్నియు జేసినను యంత్రము మందగించినచో, దోషము కావలివానిది కాకపోవచ్చును. తిరుగుడు డిస్కునకు బదులు ఎస్సెస్‌డీ వేయించిన గొప్ప భేదము కనబడును. విసుగుతో కావలినే మాన్పుట మాత్రము తగదు. నెమ్మదియైన యంత్రమువలన పోవునది కొంత కాలము, వైరసువలన పోవునది యేండ్ల శ్రమ.

తల్లిదండ్రులకు నొక్కమాట. దుర్భేద్యమని పేరొందిన గండికోటయు 17వ శతాబ్దిలో మీర్ జుమ్లా వశమయ్యెను. ఎంతటి కావలియు సంపూర్ణము కాదు. కావున పిల్లల ధ్రువపత్రముల ప్రతులను, కుటుంబ చిత్రములను వేరొక డిస్కున దాచి, పని ముగిసినంతనే దానిని కంప్యూటరునుండి విడదీసి భద్రపరుపుడు.