అమెరికా సముద్రం ఎందుకు దాటింది?

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక మాట మనందరికీ పరిచయమే. అమెరికా 1898 దాకా ఏకాకి విధానాన్ని పాటించిందనీ, ఆ తర్వాత సామ్రాజ్యవాద దేశంగా మారిందనీ చదువుతాం. బిట్ పేపరు వరకు ఆ మాట చాలు. కానీ అందులో సగమే నిజం. మిగతా సగం ఏమిటో చెప్పాలనే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

ఏకాకి విధానం అంటే?

అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1796లో పదవి విడిచే ముందు దేశప్రజలకు ఒక సందేశం ఇచ్చాడు. ఇతర దేశాలతో వ్యాపారం చేయండి గాని శాశ్వత కూటములు కట్టవద్దన్నది అందులోని సారం. అప్పటికి అమెరికా కొత్తగా పుట్టిన దేశం. ఇంగ్లండు, ఫ్రాన్సుల తగాదాలో తలదూర్చే బలం దానికి లేదు. 1823లో అధ్యక్షుడు మన్రో ఇంకో అడుగు వేశాడు. అమెరికా ఖండాల్లో యూరప్ దేశాలు కొత్త వలసలు స్థాపించరాదని, యూరప్ వ్యవహారాల్లో తాము జోక్యం చేసుకోబోమని ప్రకటించాడు. ఇదే మన్రో సిద్ధాంతం.

అంటే అమెరికా దూరంగా ఉన్నది యూరప్ గొడవలకు మాత్రమే. విస్తరణకు కాదు. 1803లో ఫ్రాన్సు నుంచి లూసియానాను కోటిన్నర డాలర్లకు కొన్నది. దానితో దేశ వైశాల్యం దాదాపు రెట్టింపయింది. 1846-48 యుద్ధంలో మెక్సికో నుంచి కాలిఫోర్నియాతో సహా విశాలమైన భూభాగం తీసుకున్నది. 1867లో రష్యా నుంచి అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొన్నది. 1830 చట్టంతో మూలవాసులను సొంత నేలల నుంచి పడమరకు తరిమారు. చెరోకీ తెగవారు వేలమంది ఆ ప్రయాణంలో ప్రాణాలు కోల్పోయారు. ఇల్లు కదలని దేశమని పేరు, ఇంటి హద్దులు మాత్రం ఏటేటా జరుగుతూనే ఉన్నాయి.

సముద్రం వైపు చూపు

1890 జనాభా లెక్కలు దేశంలో ఇక సరిహద్దు రేఖ అంటూ మిగల్లేదని తేల్చాయి. అదే ఏడాది నౌకాదళ అధికారి మహాన్ సముద్రబలం గురించి రాసిన పుస్తకం వెలువడింది. వ్యాపారం పెరగాలంటే బలమైన నౌకాదళం కావాలని ఆయన వాదన. ఆ రోజుల్లో ఓడలు బొగ్గుతో నడిచేవి. దూరదేశాలకు వెళ్లాలంటే దారిలో బొగ్గు నింపుకునే రేవులుండాలి. 1893లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. బ్యాంకులు మూతపడ్డాయి, లక్షలాది కార్మికులకు పనిలేకుండా పోయింది. మిగిలిపోతున్న సరుకుకు విదేశీ మార్కెట్లు కావాలన్న కోరిక బలపడింది. చైనా మార్కెట్టుకు పోయే దారిలో హవాయి, ఫిలిప్పీన్స్ ఉన్నాయి. 1893లోనే హవాయి రాణి లిలియుకలానీని అక్కడి తోటల యజమానులు, వ్యాపారులు గద్దె దింపారు. ఆ సమయంలో అమెరికా నౌకాసైనికులు ఒడ్డున దిగి ఉన్నారు.

1898లో జరిగింది

క్యూబా ప్రజలు 1895 నుంచి స్పెయిన్ పాలనపై పోరాడుతున్నారు. 1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలి 260 మందికి పైగా చనిపోయారు. స్పెయినే చేసిందని పత్రికలు హోరెత్తించాయి. 1976లో అమెరికా నౌకాదళ అడ్మిరల్ రికోవర్ చేయించిన పరిశీలన మాత్రం ఓడలోపలి బొగ్గు నిప్పే కారణం కావచ్చని తేల్చింది. ఏప్రిల్‌లో మొదలైన యుద్ధం ఆగస్టుకల్లా ముగిసింది. మధ్యలో జులైలో హవాయిని కలుపుకున్నారు. డిసెంబరు పారిస్ ఒడంబడికలో ప్యూర్టోరికో, గువామ్, ఫిలిప్పీన్స్ అమెరికాకు దక్కాయి. ఫిలిప్పీన్స్ కోసం స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించారు.

ఫిలిప్పీన్స్ ప్రజలు అప్పటికే, జూన్ 12న, స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. పారిస్ చర్చల్లో వారి ప్రతినిధికి చోటివ్వలేదు. 1899 ఫిబ్రవరి 4న వారికీ అమెరికా సైన్యానికీ యుద్ధం మొదలైంది. రెండు రోజులకే సెనేట్ ఆ ఒడంబడికను 57-27 ఓట్లతో ఆమోదించింది. కావలసిన మూడింట రెండొంతుల కంటే ఎక్కువ వచ్చినది ఒక్క ఓటే. 1902 దాకా సాగిన ఆ పోరులో 4 వేలకు పైగా అమెరికన్ సైనికులు, సుమారు 20 వేల మంది ఫిలిప్పీన్స్ యోధులు చనిపోయారు. హింస, కరువు, రోగాలకు బలైన సాధారణ ప్రజలు 2 లక్షల వరకు ఉంటారని అంచనా.

ఎవరిని అడిగారు?

పాలితుల సమ్మతి నుంచే ప్రభుత్వానికి అధికారం వస్తుందని 1776లో ప్రకటించుకున్న దేశమది. ఆ మాటను గుర్తుచేసినవారు అమెరికాలోనే ఉన్నారు. రచయిత మార్క్ ట్వేన్, పారిశ్రామికవేత్త కార్నెగీ సామ్రాజ్య వ్యతిరేక సంఘంలో చేరారు. అయితే వ్యతిరేకించిన వారందరూ సమానత్వం కోరినవారు కాదు. తెల్లవారు కానివారు తమ దేశంలో కలవడం ఇష్టంలేక వద్దన్నవారూ ఉన్నారు. 1901లో సుప్రీంకోర్టు కొత్త ప్రాంతాలకు రాజ్యాంగం మొత్తంగా వర్తించదన్నది. అదే కోర్టు 1896లో నల్లజాతి వారికి వేరే రైలుపెట్టెలు ఉండవచ్చని తీర్పిచ్చింది.

ఆ వేరు పెట్టెల్లో కూర్చున్న నల్లజాతి యువకులనే సైనికులుగా ఫిలిప్పీన్స్‌కు పంపారు. మీకు మీ దేశంలో లేని హక్కును మా దగ్గర లాక్కోవడానికి ఎందుకు వచ్చారన్న అర్థంలో అక్కడివారు వారికోసం కరపత్రాలు వేశారు. డేవిడ్ ఫాగెన్ అనే సైనికుడు 1899లో తన దళాన్ని విడిచి ఫిలిప్పీన్స్ వారి పక్షాన పోరాడాడు. వెలివేత అంటే ఏమిటో ఎరిగిన మనకు ఆ ప్రశ్నలోని బరువు వేరే చెప్పనక్కరలేదు.

తర్వాతి కథలోనూ ఇదే తీరు. 1919, 1920ల్లో సెనేట్ నానాజాతి సమితి ఒడంబడికను తిరస్కరించినప్పుడు అమెరికా మళ్లీ ఏకాకి అయిందన్నారు. కానీ 1915 నుంచి 1934 దాకా దాని నౌకాసైనికులు హైతీలో తిష్ఠవేసి ఉన్నారు. ఫిలిప్పీన్స్‌కు 1946లో స్వాతంత్ర్యం వచ్చింది. హవాయి 1959లో రాష్ట్రమయింది. ప్యూర్టోరికో, గువామ్‌లలో నివసించేవారు అమెరికా పౌరులైనా నేటికీ అధ్యక్ష ఎన్నికలో వారికి ఓటు లేదు.

కనుక తమ్ముళ్లారా, ఈ ప్రశ్న పరీక్షలో వస్తే భూమి, మార్కెట్టు, నౌకాదళం అని మూడు కారణాలూ రాయండి. మార్కులు వస్తాయి. చరిత్ర అర్థం కావాలంటే మాత్రం ప్రతి ఒడంబడిక దగ్గరా ఆగి, ఆ నేలమీద బతికేవారిని ఎవరైనా అడిగారా అని చూడండి.