దృశ్యపాఠం – అక్షర రక్షణ

గురుముఖతః నేర్చిన విద్యకు మన పెద్దలు అగ్రస్థానమిచ్చారు. ఈనాడు గురుముఖం చేతిలోని ఫోనులోనూ దర్శనమిస్తున్నది. తరగతికి రాలేకపోయిన విద్యార్థి రాత్రివేళ ఇంట కూర్చుండి పాఠాన్ని తిరిగి వినగలుగుతున్నాడు. అయితే పాఠాన్ని చిత్రీకరించినంత మాత్రాన అధ్యాపకుని బాధ్యత తీరదు. ఆ చిత్రాన్ని ఏ ప్రమాణాలతో ఫైలుగా వెలువరించాలి, అనగా ఎక్స్‌పోర్ట్ చేయాలి అన్నది కూడ తెలిసికొనదగిన విషయమే.

ముందుగా మా అనుభవాన్ని మనవి చేస్తాము. ఛందస్సుపై 45 నిమిషాల పాఠాన్ని మొదట ఉన్నత ప్రమాణాలతో సిద్ధం చేశాము. ఆ ఫైలు 2.7 గిగాబైట్లయింది. రాత్రంతా అప్‌లోడ్ చేసినా పూర్తి కాలేదు. మరునాడు విసిగి, ప్రమాణాలన్నింటినీ అట్టడుగుకు దించాము. ఫైలు త్వరగానే వెళ్లింది. కాని ఒక విద్యార్థి ఫోను పట్టుకుని వచ్చి, "సార్, ఇది 'ద'నా, 'ధ'నా?" అని అడిగాడు. ఒత్తు చెరిగిపోయింది. పాఠం చేరింది గాని అక్షరం చేరలేదు.

ఇందులోని లెక్క సులభమైనదే. ఫైలు పరిమాణాన్ని నిర్ణయించేది బిట్‌రేటు, అనగా ఒక్కొక్క సెకనుకు వినియోగమయ్యే బిట్ల సంఖ్య. 45 నిమిషాలంటే 2,700 సెకన్లు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున 21,600 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక 2,700 మెగాబైట్లు. అదే పాఠానికి 1.5 మెగాబిట్లు కేటాయిస్తే సుమారు 506 మెగాబైట్లే.

ఇక చిత్ర పరిమాణం. 1920×1080 చిత్రంలో 1280×720 చిత్రంలో కంటె రెండుంబావు రెట్లు బిందువులున్నవి. బిట్లు చాలనప్పుడు పెద్ద చిత్రాన్ని ఎంచుకోవడం ఒక మడికి సరిపోయే నీటిని రెండు మళ్లకు పారించడం వంటిది. తక్కువ బిట్‌రేటుకు 720 చాలును.

2003లో వెలువడిన హెచ్.264 పద్ధతిలో తయారైన ఎంపీ4 ఫైలు దాదాపు అన్ని ఫోన్లలోనూ ఆడుతుంది. ఈ పద్ధతి ప్రధానంగా ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య కలిగిన మార్పునే భద్రపరుస్తుంది. కావున కెమెరాను స్టాండుపై కదలకుండ నిలిపితే నల్లబల్లకు తక్కువ బిట్లే చాలును. చేతిలో వణికితే ఆ పొదుపు పోతుంది. సెకనుకు 25 చిత్రాలుగా తీసినదాన్ని 25గానే, 30గా తీసినదాన్ని 30గానే ఉంచాలి.

ధ్వని విషయంలో లోభం తగదు. 128 కిలోబిట్ల ఏఏసీ ధ్వని 45 నిమిషాలకు సుమారు 43 మెగాబైట్లే.

ఫైలు ఎక్కడికి వెళ్తున్నదో కూడ చూచుకోవాలి. విద్యార్థులకు నేరుగా పంపే ఫైలుకు 1.5 మెగాబిట్లతో ఆరంభించవచ్చు. యూట్యూబ్ మాత్రం మన ఫైలునుండి పలు పరిమాణాల ప్రతులను తానే తయారుచేస్తుంది. మూలమే మసకబారితే ఆ ప్రతులు మరింత మసకబారుతాయి. అక్కడ 720 చిత్రానికి 5 మెగాబిట్లు సూచించబడినవి. నిశ్చలమైన నల్లబల్లకు అందులో సగమైనా సరిపోవునని మా అనుభవం. ధ్రువీకరణ జరుగని ఖాతాలో 15 నిమిషాలకు మించిన పాఠం స్వీకరించబడదన్నది మరువరాదు.

రెండు లిపులు వెలసిన మన కళాశాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఉర్దూలో బే, పే, తే అక్షరాల ఆకృతి ఒక్కటే. చుక్కల సంఖ్యా స్థానాలే వాటిని వేరుచేస్తాయి. చుక్క చెరిగితే మాట మారుతుంది. తెలుగులో ఒత్తు చెరిగినా అంతే.

అందుచేత పాఠమంతా వెలువరించడానికి ముందు, మిక్కిలి చిన్న అక్షరాలున్న ఒక్క నిమిషం భాగాన్ని వెలువరించి, సామాన్యమైన చిన్న ఫోనులో చూడాలి. చుక్క, ఒత్తు కనిపించినచో మిగిలినది చేయవచ్చు. మేము ఆ ఛందఃపాఠాన్ని ఈ విధంగానే తిరిగి సిద్ధం చేసి, మొదట ఆ విద్యార్థి ఫోనులోనే చూపించాము. అతడు 'ధ' అని చదివిన తరువాతనే మిగిలిన వారికి పంపాము.